డిగ్రీ విద్యార్థి చేతిలో జన్యుశాస్త్ర పరిశోధన: ప్రశ్న, పదార్థం, లెక్క

వ్యవసాయ, జీవశాస్త్ర డిగ్రీ కోర్సులలో పరిశోధన ప్రాజెక్టు నేడు ఐచ్ఛికమైన అలంకారం కాదు. భారత వ్యవసాయ పరిశోధన మండలి ఆధ్వర్యంలో 2015 జూలై 25న ప్రారంభమైన 'స్టూడెంట్ రెడీ' కార్యక్రమంలో గ్రామీణ వ్యవసాయ అనుభవం, అనుభవ పూర్వక అభ్యసనం, నైపుణ్య శిక్షణ, పరిశ్రమలలో శిక్షణలతో పాటు విద్యార్థి ప్రాజెక్టు కూడా ఒక అంగం. 2022 డిసెంబరులో విశ్వవిద్యాలయ నిధుల సంఘం ప్రకటించిన నాలుగేళ్ళ డిగ్రీ పాఠ్యక్రమ చట్రం, మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం, అంతకు మించి మార్కులు పొందిన విద్యార్థులకు నాలుగవ సంవత్సరంలో పరిశోధన మార్గాన్ని తెరిచింది. అవకాశం ఏర్పడింది. అయితే ఆ అవకాశం నిజమైన పరిశోధనగా మారుతున్నదా, లేక పాత నివేదికల నకలుగా మిగిలిపోతున్నదా అన్నది అధ్యాపకులు, విస్తరణ శాస్త్రవేత్తలు ఆలోచించవలసిన విషయం.

పొలం అందుబాటులో లేని పట్టణ కళాశాలలలో ఈ ప్రశ్న మరింత తీవ్రమైనది. సికింద్రాబాద్ కంటోన్మెంటులో, జూబ్లీ బస్ స్టేషన్ నుండి తిరుమలగిరి వైపు సాగే దారిలో ఉన్న కార్ఖానా వంటి ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. ఇక్కడి నుండి డిగ్రీ కళాశాలకు వెళ్ళి జన్యుశాస్త్రం, బయోటెక్నాలజీ చదివే విద్యార్థికి మడి లేదు, పంట లేదు, చాలా సందర్భాలలో ఖరీదైన పరికరమూ లేదు. అయినా తార్నాక సమీపంలోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం, ఉస్మానియా విశ్వవిద్యాలయం, రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం, భారత వరి పరిశోధన సంస్థ, చిరుధాన్యాల పరిశోధన సంస్థ, పటాన్‌చెరులోని ఇక్రిశాట్ ఇదే మహానగర పరిధిలో ఉన్నాయి. కొరవడినది సంస్థలు కాదు. విద్యార్థి స్థాయికి, కాలానికి, వనరులకు తగిన ప్రశ్నను రూపొందించి ఇచ్చే ఏర్పాటు మాత్రమే.

డిగ్రీ విద్యార్థి కొత్త విషయం కనుగొనగలడా?

జన్యుశాస్త్ర చరిత్ర ఈ ప్రశ్నకు స్పష్టమైన సమాధానమే ఇస్తుంది. ప్రపంచంలో మొదటి జన్యు పటాన్ని రూపొందించినవాడు ఒక డిగ్రీ విద్యార్థి. ఆల్ఫ్రెడ్ స్టర్టెవాంట్ కొలంబియా విశ్వవిద్యాలయంలో చదువుతున్న కాలంలోనే తన తండ్రి పోషించిన గుర్రాల వంశావళులను పరిశీలించి, వాటి రంగుల అనువంశికతపై వ్యాసం రాశాడు. దానిని చూసిన థామస్ హంట్ మోర్గాన్ ప్రచురణకు ప్రోత్సహించి, తన ఈగల ప్రయోగశాలలో అతనికి చోటిచ్చాడు. 1911లో స్టర్టెవాంట్ ప్రయోగశాలలో అప్పటికే పోగుపడి ఉన్న సంకరణ ఫలితాలను ఇంటికి తీసుకువెళ్ళి, తరగతి పనిని పక్కన పెట్టి, ఒక రాత్రిలో అధిక భాగం వాటిపైనే గడిపి, ఎక్స్ క్రోమోజోముపై జన్యువుల వరుసను గీశాడు. ఆ ఫలితం 1913లో ప్రచురితమైంది.

ఆ ఆలోచన ఎంత సరళమైనదో గమనించదగినది. రెండు జన్యువులు క్రోమోజోముపై ఎంత దూరంగా ఉంటే వాటి మధ్య వినిమయం జరిగే అవకాశం అంత ఎక్కువ. కనుక పునఃసంయోజన శాతాన్నే దూరానికి కొలతగా తీసుకోవచ్చు. పసుపు దేహం, తెల్ల కన్ను జన్యువుల మధ్య 21,736 ఈగలలో 214 మాత్రమే పునఃసంయోజితాలు, అంటే 1.0 శాతం. తెల్ల కన్ను, సిందూర వర్ణపు కన్ను జన్యువుల మధ్య 1,584లో 471, అంటే 29.7 శాతం. ఈ రెండింటి మొత్తం 30.7. పసుపు దేహం, సిందూర వర్ణపు కన్ను జన్యువుల మధ్య నేరుగా కొలిచినపుడు వచ్చినది 32.2 శాతం. ఈ రెండు అంకెల సామీప్యమే జన్యువులు సరళరేఖలో అమరి ఉన్నాయన్న భావనకు ఆధారమైంది. కొత్త పరికరం లేదు, కొత్త ప్రయోగమూ లేదు. ఉన్న అంకెలను కొత్త ప్రశ్నతో చదవడమే అక్కడ జరిగిన పరిశోధన.

రెండవ ఉదాహరణ ఇటీవలిది. అమెరికాలో 2008 నుండి నడుస్తున్న సీ-ఫేజెస్ కార్యక్రమంలో డిగ్రీ మొదటి సంవత్సరం విద్యార్థులు తమ పరిసరాల మట్టి నుండి బాక్టీరియాను నాశనం చేసే వైరస్‌లను, అనగా ఫేజ్‌లను, వేరుచేసి, వాటి జన్యుక్రమాన్ని విశ్లేషిస్తారు. ఇదే తరహా బోధనలో భాగంగా దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో 2010లో ఒక డిగ్రీ విద్యార్థిని కుళ్ళిన వంకాయ అడుగుభాగం నుండి ఒక ఫేజ్‌ను వేరుచేసి 'మడ్డీ' అని పేరు పెట్టింది. ఎనిమిదేళ్ళ తరువాత, ఏ మందుకూ లొంగని మైకోబాక్టీరియా వ్యాధితో ప్రాణాపాయంలో ఉన్న పదిహేనేళ్ళ బ్రిటిష్ బాలికకు ఇచ్చిన మూడు ఫేజ్‌ల మిశ్రమంలో అది ఒకటి. బాలిక ఆరోగ్యం మెరుగుపడిన వివరాలు 2019లో వెలువడ్డాయి. నమూనా ఎక్కడిది, ఎప్పటిది, ఎలా వేరుచేసినది అన్న వివరాలు సక్రమంగా నమోదై, నమూనా భద్రపరచబడి ఉన్నందువల్లనే అది సాధ్యమైంది. విద్యార్థి రికార్డు పుస్తకం మార్కులు పడగానే విలువ కోల్పోయే వస్తువు కాదు.

పదార్థం ఎంపిక: బేగంపేట నేర్పే పాఠం

కార్ఖానాకు కొద్ది కిలోమీటర్ల దూరంలో ఉన్న బేగంపేటలో 1897 ఆగస్టు 20న సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ దోమ జీర్ణాశయ గోడలో మలేరియా పరాన్నజీవిని గుర్తించాడు. ఆ కృషికి 1902లో నోబెల్ బహుమతి లభించింది. రాస్ విద్యార్థి కాదు, ఆ పరిశోధన జన్యుశాస్త్రమూ కాదు. అయినా ప్రాజెక్టు చేపట్టే ప్రతి విద్యార్థికీ అందులో ఒక పాఠం ఉన్నది. 1895 నుండి రాస్ ఎన్నో దోమలను కోసి పరిశీలించినా ఫలితం రాలేదు. కారణం, అవి మానవ మలేరియాను మోయని జాతులు. మచ్చల రెక్కల దోమలు, అంటే అనాఫిలిస్, చేతికి వచ్చిన తరువాత, అదే సూక్ష్మదర్శిని, అదే పద్ధతి ఫలితాన్నిచ్చాయి. పద్ధతి ఎంత నిర్దుష్టమైనదైనా ప్రయోగ పదార్థం తప్పయితే శ్రమ ఫలించదు.

డిగ్రీ స్థాయి జన్యుశాస్త్ర ప్రాజెక్టులలో తరచు జరిగే పొరపాటు ఇదే. అంగడిలో కొన్న గింజలను, జనకాలు తెలియని మొక్కలను తీసుకొని అనువంశికతను అధ్యయనం చేయబోతారు. జనకాలు తెలియనపుడు నిష్పత్తికి అర్థం లేదు. కనుక మొదటి నియమం: పరిశోధన కేంద్రం నుండి వంశావళి తెలిసిన విత్తనాన్ని, దాని గుర్తింపు సంఖ్యతో సహా స్వీకరించి, ఆ వివరాన్ని రికార్డు మొదటి పుటలోనే నమోదు చేయాలి.

తక్కువ ఖర్చుతో చేయదగిన ఒక ప్రయోగం

మొక్కజొన్న, జొన్న పంటలలోని వాక్సీ జన్యువు డిగ్రీ ప్రయోగశాలకు ఎంతో అనువైనది. సాధారణ గింజ పిండిలో అమైలోజ్, అమైలోపెక్టిన్ రెండూ ఉంటాయి. వాక్సీ గింజలో దాదాపు అంతా అమైలోపెక్టినే. అయోడిన్ ద్రావణం తగిలితే సాధారణ పిండి నీలి నలుపు రంగుకు, వాక్సీ పిండి ఎరుపు గోధుమ రంగుకు మారుతుంది. అయోడిన్, పొటాషియం అయొడైడ్, నీరు, ఒక సాధారణ సూక్ష్మదర్శిని ఉంటే చాలు.

వాక్సీ, సాధారణ రకాల సంకరణం వల్ల వచ్చిన ఎఫ్1 మొక్క నుండి ఒకే జన్యువుకు రెండు వేర్వేరు నిష్పత్తులు లభిస్తాయి. పుప్పొడి రేణువు ఏకస్థితికం. అందులో ఆ జన్యువు ప్రతి ఒక్కటే ఉంటుంది. కనుక పుప్పొడిలో నీలి, గోధుమ రేణువులు 1:1గా కనిపించాలి. అదే మొక్క ఆత్మ పరాగ సంపర్కం వల్ల ఇచ్చిన గింజలలో సాధారణ లక్షణం బహిర్గతం కనుక 3:1 రావాలి. పాఠ్యపుస్తకంలో చదివిన పృథక్కరణ సూత్రాన్ని విద్యార్థి బీజకణ స్థాయిలోనూ, తరువాతి తరంలోనూ చూడగలడు. పుప్పొడిని 70 శాతం ఆల్కహాలులో భద్రపరచి కళాశాలకు తెచ్చుకోవచ్చు కనుక పొలం లేకపోవడం అడ్డంకి కాదు.

ఇందులో పాటించవలసిన జాగ్రత్తలు మూడు. పిండి నిండని వంధ్య రేణువులు రంగు పట్టవు. వాటిని వాక్సీగా లెక్కించక వేరు గడిలో నమోదు చేయాలి. ఎన్ని రేణువులు లెక్కించాలో ముందే నిర్ణయించుకోవాలి. నిష్పత్తి కుదిరిన చోట లెక్కింపు ఆపరాదు. ఒకే స్లైడును ఇద్దరు విద్యార్థులు ఒకరి లెక్క ఒకరికి తెలియకుండా లెక్కించాలి. ఇద్దరి మధ్య తేడా కూడా ఫలితంలో భాగమే.

నిష్పత్తి అచ్చంగా కుదరకపోవడమే సహజం

విద్యార్థి నివేదికలలో కనిపించే అతి పెద్ద ప్రమాదం తప్పు ఫలితం కాదు, మరీ సరిగ్గా కుదిరిన ఫలితం. 400 గింజలలో 3:1 నిష్పత్తి నిజంగా అమలులో ఉన్నప్పటికీ, అచ్చంగా 300:100 వచ్చే సంభావ్యత 5 శాతం కంటే తక్కువ. ఒక తరగతిలోని పది బృందాలూ 300:100 అని రాస్తే అది జన్యుశాస్త్ర విజయం కాదు. లెక్కించకుండా రాసిన దానికి సూచన. మెండెల్ స్వయంగా నమోదు చేసిన బఠాణీ గింజల సంఖ్య 5,474 గుండ్రనివి, 1,850 ముడుతలవి, నిష్పత్తి 2.96:1. అటువంటి మెండెల్ ఫలితాలు కూడా మొత్తం మీద యాదృచ్ఛికత అనుమతించే దానికంటే ఎక్కువగా సిద్ధాంతంతో సరిపోలుతున్నాయని 1936లో ఆర్.ఎ. ఫిషర్ ఆక్షేపించాడు. ఆ చర్చ దశాబ్దాలపాటు సాగింది.

కై-వర్గ పరీక్ష ఉపయోగం ఇక్కడే ఉన్నది. ఉదాహరణకు 400 గింజలలో 287 నీలి, 113 గోధుమ రంగువి వచ్చాయనుకుంటే, ఆశించిన విలువలతో తేడా 13. దాని వర్గం 169. దీనిని 300తోనూ, 100తోనూ భాగించి కూడితే 2.25 వస్తుంది. ఒక స్వతంత్రతా ప్రమాణానికి 5 శాతం స్థాయిలో హద్దు 3.84. కనుక ఈ ఫలితం 3:1కు విరుద్ధం కాదు. అదే 270:130 వస్తే విలువ 12 అవుతుంది. అది యాదృచ్ఛికమని భావించలేము. అప్పుడు విద్యార్థి అంకెలను సవరించరాదు, కారణాన్ని వెతకాలి. లెక్కింపు పొరపాటా, అన్య పరాగ సంపర్కమా, గింజలలో కల్తీయా, పుప్పొడి రేణువుల మధ్య పోటీయా అన్నది తదుపరి ప్రశ్న అవుతుంది. సరిపోలని ఫలితానికి కూడా పూర్తి మార్కులు లభిస్తాయన్న భరోసా అధ్యాపకుడు ముందే ఇవ్వాలి. ఆ భరోసా లేని చోట విద్యార్థి మొదట నేర్చుకునేది అంకెలను దిద్దడమే. ఆ అలవాటు రేపు రకాల పరీక్షా ఫలితాలలోకి, రైతుకిచ్చే సిఫారసులలోకి ప్రవేశిస్తుంది.

ఎన్ని మొక్కలు కావాలి: మెరుగుపరచిన సాంబ మసూరి ఉదాహరణ

బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన సాంబ మసూరి, అంటే బి.పి.టి. 5204, తెలుగు రాష్ట్రాల వంటింట్లో స్థిరపడిన వరి రకం. దాని బలహీనత బాక్టీరియా ఎండాకు తెగులు. హైదరాబాదులోని వరి పరిశోధన సంచాలకాలయం, కణ, అణు జీవశాస్త్ర కేంద్రం కలిసి ఎక్స్‌ఎ 5, ఎక్స్‌ఎ 13, ఎక్స్‌ఎ 21 అనే మూడు నిరోధక జన్యువులను మార్కర్ల సహాయంతో ఈ రకంలోకి చేర్చాయి. ఆ విధంగా వచ్చిన మెరుగుపరచిన సాంబ మసూరి 2008లో విడుదలైంది. తరగతి గదిలో లెక్కగా చేయించదగిన ఉత్తమ ఉదాహరణ ఇది.

మూడు జన్యువులు వరుసగా 5, 8, 11 క్రోమోజోములపై ఉన్నాయి కనుక స్వతంత్రంగా పంపిణీ అవుతాయి. ప్రతీప సంకరణంలో ఒక్కొక్క జన్యువు సంతతికి చేరే సంభావ్యత 1/2; మూడూ చేరే సంభావ్యత 1/8. చివరకు ఆత్మ పరాగ సంపర్కం జరిపినపుడు మూడు జన్యువులకూ సమయుగ్మజంగా ఉండే మొక్కల సంభావ్యత 1/64. అలాంటి మొక్క కనీసం ఒకటి దొరకాలంటే 64 మొక్కలు చాలవు. 95 శాతం నమ్మకానికి 191 మొక్కలు, 99 శాతం నమ్మకానికి 293 మొక్కలు పెంచాలి. 1/8 సంభావ్యతకు 95 శాతం నమ్మకానికి 23 మొక్కలు సరిపోతాయి. 'నేను పెంచిన మొక్కలలో దొరకలేదు' అన్న వాక్యానికి ఎంత విలువ ఇవ్వాలో ఈ లెక్క తెలుపుతుంది.

మార్కర్లు ఎందుకు అవసరమయ్యాయన్నది రెండవ పాఠం. ఎక్స్‌ఎ 5, ఎక్స్‌ఎ 13 అంతర్గత జన్యువులు. ప్రతీప సంకరణ సంతతిలో అవి విషమయుగ్మజ స్థితిలో ఉంటాయి కనుక తెగులు కృత్రిమంగా సోకించి చూసినా వాటి ఉనికి బయటపడదు. ఎక్స్‌ఎ 21 బహిర్గతం. అది ఉన్న మొక్క ఎలాగూ తెగులును తట్టుకుంటుంది, ఆ తట్టుకోవడం మిగిలిన రెండింటి ఉనికిని కప్పివేస్తుంది. కంటికి కనిపించే లక్షణంతో వేరుచేయలేని మొక్కలను డి.ఎన్.ఎ. మార్కరు వేరుచేస్తుంది. మరోవైపు నాలుగు ప్రతీప సంకరణాల తరువాత సగటున 96.9 శాతం సాంబ మసూరి జన్యు సంపద తిరిగి వస్తుంది. గింజ నాణ్యతను నిలుపుకుంటూ నిరోధకతను చేర్చడం వెనుక ఉన్న తర్కం ఇదే.

కాలపరిమితి, భద్రత, అనుమతులు

సాంబ మసూరి పంటకాలం సుమారు 150 రోజులు. సెమిస్టరు అంతకంటే చిన్నది. ఒక విద్యార్థి ఒక సెమిస్టరులో సంకరణం నుండి ఎఫ్2 వరకు చేయలేడు. ప్రాజెక్టును తరగతుల పరంపరగా నడపడం దీనికి ఉపాయం. ఒక సంవత్సరం విద్యార్థులు సంకరణం చేస్తే, తరువాతి వారు ఎఫ్1ను, ఆ తరువాతి వారు ఎఫ్2ను పరిశీలిస్తారు. రికార్డు పుస్తకం చేతులు మారుతుంది. డ్రోసోఫిలా ఈగ 25 డిగ్రీల సెల్సియస్ వద్ద 10–12 రోజులలో తరం పూర్తి చేస్తుంది కనుక సెమిస్టరుకు సరిపోతుంది. అయితే 30 డిగ్రీల వద్ద మగ ఈగలు వంధ్యమవుతాయి. హైదరాబాద్ వేసవిలో చల్లదనం లేని గదిలో ఈ ప్రయోగం విఫలమవుతుంది. జూలై నుండి ఫిబ్రవరి వరకు జరుపుకోవడం మేలు.

ఎండాకు తెగులు బాక్టీరియాను పట్టణ కళాశాలలో పెంచి మొక్కలకు సోకించడం తగదు; అది తగిన వసతి, పర్యవేక్షణ ఉన్న పరిశోధన కేంద్రంలోనే జరగాలి. రైతుల వద్ద నుండి దేశవాళీ విత్తనాలు సేకరించినపుడు 2001 నాటి మొక్క రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టాన్ని, 2002 నాటి జీవవైవిధ్య చట్టాన్ని దృష్టిలో ఉంచుకొని, రైతు సమ్మతిని నమోదు చేయాలి. వర్ణాంధత్వం వంటి మానవ లక్షణాలపై సర్వే చేయదలిస్తే సంస్థాగత నైతిక సంఘం ఆమోదం, పాల్గొనేవారి లిఖిత సమ్మతి తప్పనిసరి. తోటి విద్యార్థుల వంశవృక్షాలను పేర్లతో గోడపత్రికలో ప్రదర్శించడం సరికాదు.

విస్తరణ శాస్త్రవేత్త ఇవ్వగల ప్రశ్న

ఏరువాక కేంద్రాలకు, కృషి విజ్ఞాన కేంద్రాలకు ప్రతి పంటకాలంలో వచ్చే ప్రశ్నలలో కొన్ని నేరుగా డిగ్రీ స్థాయి జన్యుశాస్త్ర ప్రాజెక్టులుగా మారగలవు. సొంతంగా దాచుకున్న వరి విత్తనంలో కేళీలు పెరుగుతున్నాయన్నది అటువంటి ఒక ప్రశ్న. కేళీలు రెండు మార్గాలలో రావచ్చు. ఒకటి, కళ్ళంలోనో, యంత్రంలోనో వేరే రకం గింజలు కలవడం. రెండు, పక్క మడిలోని రకంతో అరుదుగా జరిగే సహజ సంకరణం. వరి ప్రధానంగా ఆత్మ పరాగ సంపర్కం జరుపుకునే పంట అయినా అన్య పరాగ సంపర్కం పూర్తిగా శూన్యం కాదు.

ఈ రెండింటిని వేరుచేయడానికి యంత్రం అక్కరలేదు. ఒక్కొక్క కేళీ మొక్క కంకిని విడివిడిగా సేకరించి, దాని గింజలను వేరు వరుసలో పెంచాలి. సంతతి అంతా ఒకే తీరుగా ఉంటే అది కల్తీ వల్ల వచ్చినదని, ఎత్తు, పూతకాలం, గింజ ఆకృతి వంటి లక్షణాలు విడిపోతే ఇటీవలి సంకరణం వల్ల వచ్చినదని భావించవచ్చు. 1/4 వంతు కనిపించే అంతర్గత లక్షణం కనీసం ఒక మొక్కలోనైనా బయటపడడానికి 95 శాతం నమ్మకంతో 11 మొక్కలు, 99 శాతం నమ్మకంతో 17 మొక్కలు అవసరం. కనుక కంకికి 20–25 మొక్కలు సరిపోతాయి. కుండీలలో, మేడ మీద కూడా ఈ పరిశీలన సాధ్యమే. ఫలితాన్ని బట్టి రైతుకిచ్చే సలహా మారుతుంది. కల్తీ అయితే కళ్ళం, కోత యంత్రం, సంచుల శుభ్రత; సంకరణమైతే రకాల మధ్య దూరం, పూత దశలో కేళీల ఏరివేత. విద్యార్థి లెక్క ఇక్కడ రైతు నిర్ణయానికి ఆధారమవుతుంది.

ముగింపు

డిగ్రీ స్థాయి పరిశోధన స్నాతకోత్తర పరిశోధనకు చిన్న నకలు కాదు. దాని ప్రమాణం ఉపయోగించిన పరికరం ఖరీదు కాదు. ప్రశ్న స్పష్టత, పదార్థం వంశావళి, ముందే నిర్ణయించిన సంఖ్య, దిద్దని అంకెలు, చేతులు మారినా అర్థమయ్యే రికార్డు. ప్రతి విస్తరణ కేంద్రం తన పరిధిలోని రైతుల ప్రశ్నలలో నుండి ఏటా నాలుగైదింటిని ఎంచి, వంశావళి తెలిసిన విత్తనంతో సహా సమీప డిగ్రీ కళాశాలలకు అందజేస్తే, పొలం లేని కళాశాల కూడా పంట పరిశోధనలో పాలుపంచుకోగలదు. అధ్యాపకులు ఏడాది ప్రాజెక్టుల జాబితాను పంటకాలం మొదలుకాక ముందే, అంటే మే నెలలోనే, ఈ కేంద్రాలతో కలిసి ఖరారు చేసుకోవడం ఇందుకు తొలి మెట్టు.